'క్లోజ్డ్' అని రాసే ముందు

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఎమర్జెన్సీ విభాగంలో డ్యూటీ డాక్టరుగా చేరి ఏడాది కావస్తోంది. ఆమధ్య రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన ఒక యువకుణ్ణి తొడకి స్ప్లింట్ (కదలకుండా పట్టే బద్దకట్టు) కట్టి తీసుకొచ్చారు. కడుపులో రక్తస్రావం అవుతుండడంతో అందరి దృష్టీ దాని మీదే ఉంది. ఎక్స్‌రేలో తొడ ఎముక నడిమికి విరిగినట్టు తెలిసింది. పైకి గాయమేమీ కనబడలేదు కనుక 'క్లోజ్డ్ ఫ్రాక్చర్' (గాయం లేకుండా లోపలే ఎముక విరగడం) అని కేస్‌షీట్‌లో రాశాను. మర్నాడు ఆపరేషన్ థియేటర్లో కాలు పైకెత్తితే తొడ వెనక అర సెంటీమీటరు రంధ్రం బయటపడింది. అప్పటిదాకా యాంటీబయాటిక్ పడలేదు. అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది. విరిగిన చోట చిన్న గీరుడు కనిపించినా ఓపెన్ ఫ్రాక్చర్ (విరిగిన ఎముకకి గాయం గుండా బయటితో దారి ఏర్పడినది) అని ఆర్థో (ఎముకల విభాగం) వాళ్లకి ఫోన్ చేస్తున్నాను. వాళ్లు నవ్వుకుంటున్నారు. ఇలా దాక్కున్న ఓపెన్ ఫ్రాక్చర్‌ని ఏ లక్షణాలతో గుర్తుపట్టాలి? దేన్ని అనుమానించాలి, దేన్ని వదిలేయాలి?

సమాధానం: మీ ఉత్తరంలో 'పైకి గాయమేమీ కనబడలేదు కనుక' అన్న దగ్గర ఆగిపోయాను. ఆ తొడ వెనకభాగాన్ని అసలు ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదో అర్థం చేసుకోవచ్చు. మనిషి వెల్లకిలా ఉన్నాడు, స్ప్లింట్ కట్టి ఉంది, కడుపులో రక్తం పోతోంది. ఆ స్థితిలో తొడ వెనక ఎంత స్పష్టమైన లక్షణం ఉన్నా మీకు తెలిసే దారి లేదు. అందుకని లక్షణాల సంగతికి ముందు ఒకటి చెప్పాలి. గాయం కంటబడకపోతే దానంతట అదే 'క్లోజ్డ్' అయిపోదు. ఎముక విరిగిన భాగం చుట్టూ, ముందూ వెనకా, చర్మమంతా చూశాక చేసే నిర్ధారణ అది. చూడటం కుదరకపోతే 'చర్మం పూర్తిగా చూడలేదు, వెనకవైపు చూడాల్సి ఉంది' అని రాయండి. ఆ ఒక్క వాక్యం కేస్‌షీట్‌లో ఉంటే మీ తరవాత డ్యూటీకి వచ్చినవాళ్లు చూసి ఉండేవాళ్లు. 'క్లోజ్డ్' అని రాసి ఉండటంతో ఇక ఎవరికీ చూడాలనిపించలేదు.

ఇక ఈ గాయం ఎందుకు దాక్కుంటుందో చూద్దాం. విరిగిన ఎముక మొన చర్మాన్ని లోపలినుంచి పొడుచుకుని బయటికొస్తుంది. దెబ్బ తగిలిన ఆ క్షణంలో కాలు ఎంత వంకరపోయిందో మనం చూడం. మరుక్షణం కండరాల లాగుడుకో, పక్కనున్నవాళ్లు కాలు సరిచేసినందుకో, అంబులెన్స్ సిబ్బంది ట్రాక్షన్ పెట్టి కాలు లాగినందుకో ఎముక తిరిగి లోపలికి జారిపోతుంది. మిగిలేది ఒక చుక్క. చర్మానికి సాగే గుణం ఉంది కాబట్టి ఆ రంధ్రం కూడా ముడుచుకుపోయి, దోమకాటు గీరుకున్నట్టో చిన్న పుండులానో కనిపిస్తుంది. బయటికొచ్చిన ఎముక రోడ్డు మీద మట్టినీ బట్టల పోగుల్నీ అంటించుకుని లోపలికి పోయి ఉండవచ్చు. లోపల ఏముందో ఆ రంధ్రం సైజు చెప్పదు.

చాలామంది పొరబడే చోటు మరొకటుంది. రంధ్రం సరిగ్గా ఎముక విరిగినచోటే ఉండాలని అనుకుంటారు. మోచేతి దగ్గర చిరిగిన పొడుగు చేతుల చొక్కాని తలచుకోండి. చెయ్యి వంచినప్పుడు చిరుగు ఎక్కడుంటుందో చాచినప్పుడు అక్కడ ఉండదు. చర్మం కూడా కింది పొరల మీద అలాగే జారుతుంది. వంకరపోయిన కాల్లో ఎముక పొడుచుకొచ్చిన చోటు, కాలు సరిచేశాక ఫ్రాక్చర్‌కి నాలుగు వేళ్ల పైనో కిందో ఉండిపోవచ్చు. 'ఫ్రాక్చర్ ఇక్కడ, గాయం అక్కడ, రెండింటికీ సంబంధం లేదు' అని తేల్చేముందు దెబ్బ తగిలినప్పుడు కాలు ఏ భంగిమలో ఉండి ఉంటుందో ఒకసారి ఊహించండి. అందుకే ఆర్థో వాళ్లు పాటించే నియమం కాస్త మొరటుగా ఉంటుంది. ఎముక విరిగిన భాగంలో, అంటే అదే తొడలో, అదే పిక్కలో, అదే ముంజేతిలో, చర్మం లోతుగా తెగిన గాయం ఎక్కడున్నా, కాదని రుజువయ్యేదాకా అది ఓపెన్ ఫ్రాక్చరే.

పరీక్షకి ముందు కథ వినాలి. తీసుకొచ్చినవాళ్లు వెళ్లిపోయేలోపు మూడు సంగతులు అడగండి: ఎముక బయటికి కనిపించిందా, ప్రమాదస్థలంలో ఆ కాలి దగ్గర రక్తం ఉందా, కాలు వంకరగా ఉంటే ఎవరు ఎప్పుడు సరిచేశారు. 'ఎముక తెల్లగా కనబడింది, మేమే లోపలికి పెట్టి కట్టేశాం' అన్న మాట దొరికితే ఇక వాదనే లేదు. మీ కంటికి రంధ్రం ఎంత చిన్నదిగా కనబడినా అది ఓపెన్. ఈ మాట అంబులెన్స్ మనిషికి తెలుస్తుంది, రోగికి తెలియకపోవచ్చు. అతను వెళ్లిపోతే ఆ సమాచారం కూడా వెళ్లిపోయినట్టే.

బట్టలు కత్తిరించి పారేయకుండా తిప్పి చూడండి. లోపలివైపు రక్తపు మరక ఎక్కడుంది? గుడ్డకి లోపలినుంచి పొడుచుకొచ్చిన చిరుగు ఉందా? మరక ఉండి కూడా చర్మం మీద గాయం కనబడకపోతే మీరు ఇంకా పూర్తిగా వెతకలేదని అర్థం. గుడ్డలో ఒక ముక్క ఊడిపోయి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో కూడా ఆలోచించాలి. ఒక్కోసారి అది కండరాల మధ్య దొరుకుతుంది.

తరవాత చూడటం. ఇందులో తెలివితేటలకన్నా ఇద్దరు మనుషులూ మంచి వెలుతురూ ముఖ్యం. రక్తప్రసరణ, స్పర్శ, వేళ్ల కదలిక ముందే పరీక్షించి రాసుకోండి. ఒకరు మడమ దగ్గర పట్టుకుని నెమ్మదిగా లాగుతూ కాలు పైకెత్తితే రెండోవాళ్లు కిందినుంచి చూడాలి. నొప్పికి మందు ఇచ్చాకే ఇది చెయ్యాలి. మట్టీ గ్రీజూ ఎండిన రక్తమూ పట్టి ఉంటే తడి గాజ్‌తో మెల్లగా తుడవండి. ఎండిన రక్తపు చెక్కు కిందే చాలా రంధ్రాలు ఉంటాయి. వెంట్రుకలు దట్టంగా ఉన్నచోటా ముదురు రంగు చర్మం మీదా చిన్న రంధ్రం తేలిగ్గా కంటికి ఆనదు. అక్కడ చేతితో చర్మాన్ని కొద్దిగా సాగదీసి చూడాలి. మోకాలి వెనక గుంట, పిరుదు మడత, చంక, మడమ వెనక, కాలివేళ్ల సందులు, తలలో జుట్టు కింద: దాక్కునే చోట్లు దాదాపు ఇవే. వీపుకోసం మనిషిని పక్కకి దొర్లించినప్పుడు వెన్నెముక ఒక్కటే చూసి వదిలెయ్యకండి. అదే సమయంలో పిరుదులూ తొడల వెనకభాగమూ చూస్తే మళ్లీ దొర్లించే పని తప్పుతుంది.

కట్టిన స్ప్లింట్‌ని విప్పాలా అని కొందరికి సందేహం. ఒక్కసారి విప్పాలి. విప్పి చూసి, ఫోటో తీసి, సెలైన్‌లో తడిపిన గాజ్ పెట్టి, పైన అంటుకునే పారదర్శకమైన పొరతో మూసి, మళ్లీ స్ప్లింట్ కట్టి, రక్తప్రసరణ మళ్లీ చూసి రాసుకోవాలి. ఆ తరవాత వచ్చిన ప్రతి ఒక్కరూ 'నేనూ ఒకసారి చూస్తా' అని కట్టు విప్పడం ఆపాలి. విప్పిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్‌కి దారి తెరిచినట్టే. ఫోటో తీసేది అందుకోసమే. ఆర్థో డాక్టరుకి మీ వర్ణన కన్నా అది ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు మీరడిగిన లక్షణాలు. మొదటిది రక్తం తీరు. మామూలు గీరుడు కాసేపు అదిమిపెడితే ఆరిపోతుంది. ఎముకతో సంబంధమున్న రంధ్రం నుంచి ముదురు రంగు రక్తం సన్నగా, ఆగకుండా ఊరుతూ ఉంటుంది. డ్రెస్సింగ్ మార్చిన కాసేపటికే మళ్లీ తడుస్తుంది. ఇంత చిన్న గాయానికి ఇంత రక్తమేమిటి అనిపించిందంటే ఆ అనుమానాన్ని వదలకండి. రెండోది, ఆ రక్తం పైన తేలే నూనె చుక్కలు. విరిగిన ఎముక మూలుగలోని కొవ్వు రక్తంతో కలిసి వస్తే వెలుతురులో చిన్న చిన్న మెరిసే బొట్లలా కనిపిస్తుంది. కనిపిస్తే అనుమానం గట్టిపడుతుంది. అయితే చర్మం కింది కొవ్వు చితికినా ఇలాంటి చుక్కలు రావచ్చు. అవి కనబడనంత మాత్రాన ఓపెన్ కాదనీ అనలేం. మూడోది, గాయం అంచులు. రోడ్డుకి రాసుకున్న గీరుడులో చర్మం పైపొర మాత్రమే పోయి, అడుగున ఎర్రగా, చెమ్మగా ఉన్న చర్మం కనబడుతుంది. అక్కడ లోతు లేదు. అలా కాక మధ్యలో చీకటిగా ఒక గుంట ఉందంటే, పసుపురంగు కొవ్వు కనబడిందంటే, చర్మం మొత్తం మందాన తెగిందని అర్థం.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. పైపొర మాత్రమే పోయిన గీరుళ్లకి ఫోన్ చెయ్యనవసరం లేదు. శుభ్రం చేసి, ఫోటో తీసి, రాసుకుంటే చాలు. మందమంతా తెగిందా లేదా తేల్చుకోలేకపోతే తెగిందనే అనుకోండి.

ఆ గుంట ఎంత లోతుందో చూద్దామని ఆర్టరీ ఫోర్సెప్సో, సన్నని కడ్డీలాంటి ప్రోబో, వేలో పెట్టకండి. క్యాజువాలిటీలో చాలామంది చేసే పని ఇది. దాన్నుంచి తెలిసేది తక్కువ. దెబ్బ తగిలినప్పటి భంగిమ మారిపోయింది కనుక లోపలి దారి వంకర తిరిగి ఉంటుంది, ప్రోబ్ మధ్యలో ఆగిపోతుంది, 'ఎముక దాకా పోలేదు' అని మీరు ధీమా పడతారు. పైగా పైనున్న మట్టిని లోపలికి నెట్టినవాళ్లవుతారు, ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. ఆ గాయాన్ని లోతుగా చూడాల్సింది ఆపరేషన్ థియేటర్లో, మత్తు ఇచ్చి, చర్మం వెడల్పు చేసి. అలాగే రంధ్రం చిన్నదే కదా అని ఒక కుట్టు వేసి పంపొద్దు. దాచిపెట్టిన గాయాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది మనమే కుట్టేసి దాచినది.

ఎక్స్‌రే వచ్చాక మనందరి చూపూ ఎముక మీదికే పోతుంది. ఎముక పక్కనున్న మెత్తని భాగాన్ని కూడా ఒకసారి చూడండి. కండరాల మధ్య నల్లటి బుడగలు, గీతలు ఉంటే అది గాలి. దెబ్బ తగిలిన మొదటి గంటల్లో ఆ గాలి దాదాపుగా బయటినుంచి వచ్చినదే. సూదో, డ్రెయినో, పక్కటెముకల దెబ్బవల్ల చర్మం కింద పాకిన గాలో కారణం కాదని తేలితే, ఎక్కడో ఒక రంధ్రం ఉన్నట్టే, వెతకాలి. గాజు పెంకులూ రాళ్లూ కూడా ఎక్స్‌రేలో పట్టుబడతాయి. ఎముక ముక్క ఒకటి లెక్కకి తక్కువైనట్టు కనిపిస్తే, అది రోడ్డు మీదే ఉండిపోయి ఉండొచ్చు. గాలి కనబడలేదంటే మాత్రం ఏమీ రుజువు కాదు. సీటీ ఎలాగూ తీస్తున్నప్పుడు దానిలో ఈ గాలి ఎక్స్‌రేలో కన్నా చాలా తేలిగ్గా కనబడుతుంది.

ఇంతవరకు చెప్పినవి చర్మానికి సంబంధించినవి. ఎముక బయటి ప్రపంచంతో కలవడానికి చర్మమే తెగాలని లేదు. అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసే దాగిన ఓపెన్ ఫ్రాక్చర్ కటిఎముకది (పెల్విస్). పెల్విస్ విరిగి దాని మొన పురీషనాళంలోకో, యోనిలోకో, పెరీనియం (మలద్వారానికీ జననాంగాలకీ మధ్య భాగం) చర్మంలోంచో తెగితే, పొట్ట మీదా తొడ మీదా ఒక్క గీతైనా లేకుండా అది ఓపెన్ ఫ్రాక్చర్ అవుతుంది. అందులో మలం కలుస్తుంది. ఒకవైపు రక్తస్రావం, మరోవైపు సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్. అందుకే పెల్విస్ విరిగిందని తెలిసిన ప్రతి రోగికీ పెరీనియం, పిరుదుల మధ్య, వృషణాల వెనక చూడాలి. మలద్వారంలో వేలితో పరీక్ష చెయ్యాలి. గ్లవ్‌కి రక్తం అంటిందా, గోడలో ఎముక ముక్క గుచ్చుకుంటోందా గమనించాలి. వేలు పెట్టేటప్పుడు జాగ్రత్త, ఆ ముక్క మీ గ్లవ్‌నీ వేలినీ కూడా కోయగలదు. ఆడవాళ్లలో యోని పరీక్ష మొహమాటంతో వాయిదా పడిపోతుంది. రక్తం కనిపిస్తే నెలసరి అనుకుని వదిలేసిన సందర్భాలున్నాయి. అనుమతి తీసుకుని, తోడుగా ఒక నర్సుని పెట్టుకుని, అనుభవమున్నవాళ్ల చేత చేయించండి. మనిషి నిలకడగా లేకపోతే మత్తులో థియేటర్లో చేయించండి, కానీ చేయించాలని రాసిపెట్టండి. పెల్విక్ బైండర్ (కటిని బిగించి పట్టే పట్టీ) కట్టి ఉంటే దాని కింద చర్మం కనబడదు. గాయం కోసమని బైండర్ వదులు చేయకండి. బైండర్ తీసే సమయంలో చూడాల్సిన చోటు ఇదని గుర్తుపెట్టించండి.

దవడ సంగతి తేలికగా తీసుకుంటారు. పళ్లున్న భాగంలో కింది దవడ విరిగితే అది చిగురు గుండా నోట్లోకి తెరుచుకున్నట్టే లెక్క. ముఖం మీద చర్మం శుభ్రంగా ఉంటుంది. రెండు పళ్ల మధ్య చిగురు తెగి రక్తం కారడం, నాలుక కింద నల్లగా రక్తం గడ్డకట్టడం, పళ్లు కరిస్తే మునుపటిలా కలవకపోవడం, కింది పెదవి మొద్దుబారడం కనిపిస్తే నోరు కడిగి, వెలుతురు వేసి చూడండి. తల మీద గాయాన్ని కుట్టేముందు దాని అడుగున పుర్రె పగిలిందేమో సీటీలో చూసుకోవాలి. చెవిలోంచో ముక్కులోంచో పల్చని నీరు కారుతుంటే పుర్రె అడుగుభాగం విరిగి తెరుచుకున్నట్టు.

గోటి కింద జరిగే దాన్ని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది పిల్లల్లో జరుగుతుంది, దాదాపు ప్రతిసారీ చిన్న దెబ్బ అని ఇంటికి పంపేస్తారు. తలుపు సందులో వేలు నలిగిన పిల్లవాణ్ణి తెస్తారు. వేలి కొస కిందికి వంగి ఉంటుంది. చూడగానే టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) తెగి వేలు వాలిపోయిందనుకుంటారు. గోటి మొదట్లో రక్తం ఉంటుంది. పక్క వేలితో పోల్చి చూస్తే ఆ గోరు కొంచెం పొడుగ్గా ఉంటుంది. గోటి మొదలు చర్మపు మడతలోంచి బయటికి లేచి పైన కూర్చుంటుంది, అందుకే ఆ పొడుగు. లోపల చివరి ఎముక, అది ఎదిగే పలక దగ్గర విరిగి, గోటి కింది మెత్తని పొర చిరిగిపోయి ఉంటుంది. దీన్ని 1966లో వర్ణించిన వైద్యుడి పేరుమీద సీమర్ ఫ్రాక్చర్ అంటారు. ఇది ఓపెన్ ఫ్రాక్చరే. కట్టు కట్టి పంపిస్తే గోటి పొర ఎముక సందులో ఇరుక్కుని, చీము పట్టి, వేలు ఎదుగుదల దెబ్బతింటుంది. కాలి బొటనవేలు గట్టిగా తన్నుకుని గోటి మొదట్లో రక్తం వచ్చిన పిల్లల్లో కూడా ఇదే జరుగుతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రే లేకుండా ఈ వేళ్లని వదలకండి.

చేతి పిడికిలి కణుపు మీద చిన్న కోత ఉన్న పెద్దమనిషి వచ్చి 'ఏదో గీసుకుంది' అంటాడు. కొట్లాట సంగతి చెప్పడు. ఎదుటివాడి పన్ను కీలులోకి దిగి ఉండొచ్చు. వేళ్లు చాచి చూస్తే టెండన్ బాగానే కనబడుతుంది, ఎందుకంటే చిరుగు పైకి జారిపోయింది. పిడికిలి బిగించమని చెప్పి అప్పుడు చూడండి. ఇందాక చెప్పిన భంగిమ సంగతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

కీలు దగ్గరి గాయాలకి కూడా ఇదే అనుమానం వర్తిస్తుంది. మోకాలి దగ్గర చిన్న కోత ఉంటే కీలు తెరుచుకుందా అన్నది సీటీలో కీలు లోపల గాలి కనబడితే బాగా తెలుస్తుంది. సీటీ లేనిచోట కీల్లోకి సెలైన్ ఎక్కించి గాయంలోంచి కారుతుందేమో చూసే పద్ధతి ఉంది. అయితే 50 మి.లీ. ఎక్కించి కారలేదని నిశ్చింతగా ఉండకూడదు. చిన్న రంధ్రాల్ని పట్టాలంటే మోకాలికి 150 మి.లీ. పైనే కావాలి. ఆ పని ఆర్థో వాళ్లకి వదిలెయ్యండి.

ఈరోజు నిజంగానే క్లోజ్డ్‌గా ఉండి, మీ చేతుల్లోనే ఓపెన్‌గా మారేవి కొన్నున్నాయి. చీలమండ పక్కకి తొలగి, లోపలివైపు చర్మం ఎముక మీద బిగిసి తెల్లబడి ఉంటే, ఎక్స్‌రే కోసం ఆగకుండా వెంటనే సరిచెయ్యాలి. ఆ చర్మం గంటల్లో చచ్చిపోతుంది. మడమ ఎముక పైభాగం విడిపోయి, అకిలిస్ టెండన్ లాగుడుకి పైకి లేచి, మడమ వెనక చర్మాన్ని లోపలినుంచి పొడుస్తున్న రకం ఒకటుంది. పాదాన్ని అలవాటు ప్రకారం లంబకోణంలో పెట్టి స్ప్లింట్ కడితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పాదాన్ని కిందికి వంచి కట్టి, రాత్రయినా సరే ఆర్థో డాక్టరుని పిలవాల్సిన కేసు ఇది. తెల్లవారేదాకా ఆగితే అక్కడ రంధ్రం పడి ఉంటుంది. అలాగే ఓపెన్ గాయం ఉంది కదా, ఒత్తిడి బయటికి పోయి ఉంటుందని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరపు గదుల్లో ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోవడం) సంగతి మరిచిపోతారు. చిన్న రంధ్రం కండరపు గదుల్లోని ఒత్తిడిని తగ్గించదు. నొప్పి పెరుగుతూ, వేళ్లు లాగితే విలవిల్లాడుతుంటే రంధ్రం ఉన్నా లేకున్నా దాన్ని అనుమానించాల్సిందే.

ఆర్థో వాళ్లు నవ్వుకుంటున్నారన్నారు. లెక్క మీరే వేసుకోండి. అనుమానించినది తప్పని తేలితే రోగికి పోయేదేమిటి? ఒక యాంటీబయాటిక్ డోసు, ఒక టెటనస్ ఇంజెక్షన్, ఆర్థో డాక్టరుకి కాస్త నిద్ర. నిజమైనదాన్ని వదిలేస్తే ఎముకలో చీము, అతకని ఎముక, ఏళ్ల తరబడి ఆపరేషన్లు, కొన్నిసార్లు కాలే పోతుంది. సర్జన్ జోసెఫ్ లిస్టర్ 1865లో గ్లాస్గోలో కార్బాలిక్ ఆమ్లంతో నయం చేసిన 11 ఏళ్ల పిల్లవాడి కాలి మీద ఉన్నది ఒకటిన్నర అంగుళాల గాయమే. బండి చక్రం ఎక్కి ఎముక విరిగింది. ఆ కాలంలో అంత గాయానికే కాలు తీసెయ్యాలా అని ఆలోచించేవారు. యాంటీబయాటిక్‌లు వచ్చాక మనకి ఆ భయం పోయింది. మందు వెయ్యకపోతే మనమూ ఆ కాలంలో ఉన్నట్టే.

యాంటీబయాటిక్ విషయంలో టైమే ముఖ్యం. గాయమైన గంటలోపు నరం ద్వారా పడాలన్నది ఇప్పటి మార్గదర్శకాల లక్ష్యం. పిక్క ఎముక తీవ్రంగా దెబ్బతిన్న రోగుల మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, 66 నిమిషాలు దాటాక మందు పడినవాళ్లకి ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. అంబులెన్స్ ప్రయాణానికే ఆ గంట సరిపోతుంది. కాబట్టి ఖాయం చేసుకుని వేద్దామని ఆగకండి, అనుమానం చాలు. పెద్దవాళ్లకి సాధారణంగా సెఫాజోలిన్ 2 గ్రాములు, 120 కిలోలు దాటితే 3. గాయం తీవ్రతని బట్టీ, పొలం మట్టి, మురుగు అంటినదాన్ని బట్టీ వేరే మందులు కలపడం మీ ఆసుపత్రి విధానం ప్రకారం చెయ్యండి. అలెర్జీ అడగడం మరవకండి. టెటనస్ చివరి డోసు పడి 5 ఏళ్లు దాటితే మళ్లీ వెయ్యాలి. మొదటి మూడు డోసులూ పడ్డాయో లేదో తెలియకపోతే వాక్సిన్‌తోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ 250 యూనిట్లు కూడా.

ఫోన్‌లో 'గస్టిలో ఎంత?' అని అడుగుతారు. ఓపెన్ ఫ్రాక్చర్ల తీవ్రతకి గస్టిలో, ఆండర్సన్ 1976లో ఇచ్చిన వర్గీకరణలో సెంటీమీటరులోపు శుభ్రమైన గాయం టైప్ 1 కనుక, చిన్న రంధ్రాన్ని చూడగానే మనం ఆ అంకె చెప్పేస్తాం. చెప్పకండి. ఎముక ముక్కలుముక్కలైతే, పొలంలో జరిగిన గాయమైతే, చక్రం కింద నలిగితే, రంధ్రం ఎంత చిన్నదైనా అది అన్నిటికన్నా తీవ్రమైన టైప్ 3 కిందికే వస్తుంది. అసలు గ్రేడు థియేటర్లో చచ్చిన కండరం తీసేశాకే తెలుస్తుంది. 'అర సెంటీమీటరు గాయం, తొడ వెనక, మధ్యభాగాన, ముదురు రక్తం ఊరుతోంది, లారీ ఢీకొట్టింది, మందు 9:40కి పడింది' అని చెప్పండి. ఇలా చెబితే ఫోన్‌లో ఎవరూ నవ్వరు.

ఆపరేషన్ ఎంతసేపట్లో జరగాలన్నది వాళ్ల నిర్ణయం. 6 గంటల్లోపు కడిగి తీరాలన్న పాత సూత్రానికి మూలం 1898లో జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ గినీ పందుల మీద చేసిన ప్రయోగాలు. ఇప్పుడు తీవ్రమైనవాటికి 12 గంటలు, మిగతావాటికి 24 గంటలు అంటున్నారు. మురుగు, పొలం మట్టి బాగా పట్టినవాటికీ రక్తనాళం తెగినవాటికీ మాత్రం వెంటనే. ఈ వెసులుబాటు ఆపరేషన్‌కే. యాంటీబయాటిక్‌కి లేదు.

ఇక మీ యువకుడి లాంటి రోగులు. కడుపులో రక్తం పోతున్నప్పుడు తొడ వెనక చూడలేదంటే అది తప్పు కాదు. ప్రాణం ముందు. శ్వాస, రక్తప్రసరణ నిలకడపడేదాకా కాలికి స్ప్లింట్, అనుమానముంటే యాంటీబయాటిక్, అంతే. కానీ స్పృహలేని, వెంటిలేటర్ మీదున్న రోగి తన కాలు ఎక్కడ నొప్పెడుతోందో చెప్పడు. అలాంటివాళ్లకి 24 గంటల్లోపు తలనుంచి గోళ్లదాకా మొదటినుంచీ మళ్లీ పరీక్ష చెయ్యాలి. స్పృహ వచ్చాక మరోసారి. మొదటి గంటలో తప్పిపోయిన చేతివేళ్లూ పాదాలూ చిన్న రంధ్రాలూ ఎక్కువగా ఆ పరీక్షలోనే దొరుకుతాయి. మీ విభాగంలో ఆ పరీక్ష ఎవరి బాధ్యతో రాసి లేకపోతే, ఐసీయూకి పంపే కాగితం మీద మీరే రాయండి: 'కుడి తొడ వెనక, పెరీనియం చూడలేదు'. కింద మీ సంతకం, టైము.